విదేశాలకు మన చార్జర్లు: వోల్టేజీ సంగతి వేరు, పిన్ను సంగతి వేరు

మా అన్నయ్య కొడుకు ఎమ్మెస్‌కి డల్లాస్ వెళ్లే ముందు వారం కోఠి వెళ్లి ఒక ఇనుప డబ్బా, అంటే వోల్టేజీ మార్చే ట్రాన్స్‌ఫార్మర్, కొనుక్కొచ్చాడు. చేత్తో ఎత్తి చూస్తే మూడు కిలోల పైనే ఉంది. "అమెరికాలో కరెంటు 110 వోల్టులేనంట బాబాయ్, లాప్‌టాప్ చార్జర్ దీనికి పెట్టే వాడాలంట. షాపాయన చెప్పాడు" అన్నాడు. లాప్‌టాప్ చార్జర్ తెమ్మని, దాన్ని తిరగేసి, వెనకాల చీమ తలకాయంత అక్షరాలతో ఉన్న లైను చదవమన్నాను. చదివాక వాడి ముఖం చూడాలి! డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. పెట్టెలో దాని చోటు ఆవకాయ సీసాకి దక్కింది.

ప్రయాణం ముందు ఇలాంటి టెన్షన్ చాలా ఇళ్లలో చూస్తుంటాను. గందరగోళమంతా రెండు వేర్వేరు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేయడం వల్లే వస్తుంది. అక్కడి కరెంటును నా వస్తువు తట్టుకుంటుందా అన్నది ఒక ప్రశ్న. నా పిన్ను అక్కడి గోడలో దూరుతుందా అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు వస్తువు మీదే అచ్చేసి ఉంటుంది. రెండోదానికి జవాబు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. పిన్ను దూరింది కదా అని కరెంటు కూడా సరిపోయినట్టు కాదు. కాల్చుకున్నవాళ్లలో ఎక్కువమంది కాల్చుకునేది అక్కడే.

మొదటి పని: వైరు ఉన్న ప్రతి వస్తువునూ మంచం మీద పరవండి

బట్టలు సర్దకముందే ఈ పని చేయండి. ఫోను చార్జరు, లాప్‌టాప్ చార్జరు, కెమెరా బ్యాటరీ చార్జరు, ట్రిమ్మరు, ఎలక్ట్రిక్ బ్రష్షు, నాన్నగారి బీపీ మిషను, అమ్మ పట్టుకెళ్తానంటున్న మిక్సీ... అన్నీ ఒకచోట పెట్టండి. ప్రతిదాని మీదా 'ఇన్‌పుట్' అనే ఇంగ్లీషు మాట వెతకండి. అక్షరాలు కనబడకపోతే ఫోను కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. బూడిద రంగు ప్లాస్టిక్కు మీద బూడిద రంగు అక్షరాలు వేసినవాళ్లని నేను చాలాసార్లు తిట్టుకున్నాను.

అక్కడ మూడు రకాల్లో ఏదో ఒకటి ఉంటుంది.

"100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే మీ పని అయిపోయినట్టే. ఆ వస్తువు జపాన్ 100 వోల్టుల నుంచి గల్ఫ్ 240 వోల్టుల దాకా ఎక్కడైనా దానంతటదే సర్దుకుంటుంది. మీరు నొక్కాల్సిన స్విచ్చేమీ ఉండదు. (హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క.) ఈ రోజుల్లో వచ్చే ఫోను, లాప్‌టాప్, ట్యాబ్ చార్జర్లు దాదాపు అన్నీ ఈ రకమే.

"220–240 వోల్టులు, 50 హెర్ట్జ్" అనో, ఉత్తి "230 వోల్టులు" అనో ఉంటే అది మన దేశానికీ, మన లాంటి కరెంటు ఉన్న దేశాలకే. మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, కెటిల్‌లు, దోమల మందు మిషన్లు, చవక ట్రిమ్మర్లు, చార్జింగ్ టార్చిలైట్లు, దోమల బ్యాట్లు ఈ జాతిలోకి వస్తాయి.

మూడో రకంలో "110/220" అని రెండు అంకెలుండి, పక్కనే చిన్న జరుపుడు స్విచ్చు ఉంటుంది. కొన్ని ప్రయాణపు హెయిర్ డ్రయర్లు, పాతకాలపు డెస్క్‌టాప్ కంప్యూటర్ల పవర్ సప్లైలు ఇలా ఉంటాయి. ఆ స్విచ్చును మార్చాల్సింది మీరే. అమెరికాలో 110 మీద పెట్టి వాడి, ఇంటికొచ్చాక మర్చిపోయి మన గోడకి పెడితే టప్‌మంటుంది.

'అవుట్‌పుట్' అన్న లైనుకి దేశంతో పని లేదు. అది చార్జరుకీ ఫోనుకీ మధ్య వ్యవహారం. 5 వోల్టులో 20 వోల్టులో, ఏ దేశంలోనైనా అదే వస్తుంది. ఇన్‌పుట్ పక్కన కనిపించే ఆంపియర్ అంకె (0.5, 1.7 లాంటివి) చార్జరు గోడ నుంచి గరిష్ఠంగా లాగేది మాత్రమే. దాని గురించి కంగారు వద్దు.

చార్జరు ఎలా సర్దుకుంటుందో కాస్త

ఇది చదవకపోయినా ప్రయాణం ఆగదు. కానీ తెలిస్తే భయం పోతుంది.

మా చిన్నప్పటి రేడియోలకి కరెంటిచ్చే పెట్టెలు ఇటుకరాయిలా ఉండేవి. లోపల ఇనుప రేకుల మీద రాగి తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. దానికి సొంత తెలివి లేదు. లోపలికి సగం వోల్టేజీ వస్తే బయటికి కూడా సగమే ఇచ్చేది. ఇప్పటి చార్జరు ఆ పద్ధతి వదిలేసింది. గోడ నుంచి వచ్చిన ఏసీని (దిశ మారుతూ ఉండే కరెంటు) ముందే డీసీగా (ఒకే దిశలో పారే కరెంటు) మార్చేస్తుంది. మన 230 అయితే లోపల దాదాపు 325 వోల్టుల డీసీ అవుతుంది, అమెరికా 120 అయితే దాదాపు 170. తరువాత ఆ డీసీని సెకనుకు వేలూ లక్షల సార్లు ముక్కలుగా కోసి బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపుతుంది. బయటికి వచ్చే వోల్టేజీని ఒక చిప్పు కనిపెట్టుకుని ఉండి, తక్కువైతే ముక్క పొడవు పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. ఏసీని ముందే డీసీ చేసేసింది కాబట్టి గోడలో ఉన్నది 50 హెర్ట్జా 60 హెర్ట్జా అన్న ప్రశ్నే రాదు. చార్జర్లు అగ్గిపెట్టె సైజుకి రావడానికీ, ఏ దేశంలోనైనా పనిచేయడానికీ ఉన్న కారణం ఒక్కటే.

ఒక చిన్న తేడా మాత్రం చెప్పాలి. కొన్ని భారీ వాట్ల ఫోను చార్జర్లు తక్కువ వోల్టేజీ దేశాల్లో పూర్తి వేగం ఇవ్వవు. వన్‌ప్లస్ 11 ఫోనును మిగతా చోట్ల 100 వాట్ల చార్జింగ్‌తో అమ్మితే, ఉత్తర అమెరికాలో 80 వాట్లతో అమ్మారు. మీ ఫోను అక్కడ పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటే పాడైందనుకోకండి.

రెండో పని: వెళ్లే దేశం గురించి రెండు ముక్కలు తెలుసుకోండి

వోల్టేజీ ఎంత, పిన్ను ఏ రకం. అంతే. పిన్నులకు ఇంగ్లీషు అక్షరాలతో పేర్లున్నాయి. షాపులో ఆ పేరు చెప్పి అడిగితే పని తేలిక. మన ఇంట్లో మామూలు మూడు గుండ్రటి కాళ్ల పిన్ను టైప్ డి. ఏసీకీ గీజరుకీ పెట్టే లావు కాళ్ల పవర్ ప్లగ్గు టైప్ ఎం. ఫోను చార్జరుకుండే రెండు సన్నటి గుండ్రటి కాళ్లు టైప్ సి. యూఎస్‌బీ టైప్-సి వేరు, ఇది వేరు. షాపులో రెంటినీ కలిపి అడిగితే చేతిలో కేబుల్ పెట్టి పంపిస్తారు.

అమెరికా, కెనడా: 120 వోల్టులు, 60 హెర్ట్జ్. రెండు చదును రేకుల పిన్ను టైప్ ఎ. దాని కింద గుండ్రటి ఎర్త్ కాలు చేరిస్తే టైప్ బి. మన పిన్నులేవీ దూరవు. ఇళ్లలో మామూలు సాకెట్లకి స్విచ్చులుండవు కాబట్టి పెట్టేటప్పుడు చిటుక్కున చిన్న మెరుపు కనిపించడం మామూలే. కొన్ని గదుల్లో సాకెట్లలో సగం గోడ మీది లైటు స్విచ్చుతో కలిసి ఉంటాయి. రాత్రి లైటు ఆపి పడుకుంటే చార్జింగ్ కూడా ఆగిపోతుంది. తెల్లారి ఫోను చచ్చి ఉంటే చార్జరును అనుమానించకుండా ముందు ఆ స్విచ్చు చూడండి. అక్కడ స్విచ్చు పైకి వేస్తే ఆన్, మన లెక్కకి తలకిందులు. బాత్రూమ్‌లో, వంటింట్లో సాకెట్ మధ్య రెండు బుల్లి మీటలుంటాయి, టెస్ట్, రీసెట్ అని. కరెంటు రాకపోతే రీసెట్ నొక్కండి.

బ్రిటన్, ఐర్లండ్, సింగపూర్, మలేషియా: 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మూడు చదరపు కాళ్ల లావుపాటి టైప్ జి. గల్ఫ్‌లో దుబాయ్, దోహా, కువైట్, మస్కట్, బహ్రెయిన్ అంతటా ఇదే పిన్ను, 230–240 వోల్టులే. సౌదీలో కూడా ఇప్పుడు 230, టైప్ జి. కాకపోతే 60 హెర్ట్జ్. అక్కడి పాత భవనాల్లో ఒకప్పటి 127 వోల్టుల పాయింట్లు తగలొచ్చు, ఇంటాయన్ని అడిగి వాడండి.

జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్, నెదర్లాండ్స్ వంటి యూరప్ దేశాలు: 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ మనకి కాస్త అదృష్టం. ఫోను చార్జరు రెండు సన్నకాళ్ల పిన్ను నేరుగా దూరుతుంది. కానీ జర్మనీ సాకెట్ గోడలోకి గిన్నెలా లోతుగా ఉంటుంది. లావుపాటి చార్జరు ఒళ్లు ఆ గిన్నె అంచుకి తగిలి కాళ్లు లోపలిదాకా వెళ్లవు. ఇటలీ, స్విట్జర్లండ్, డెన్మార్క్‌లకు సొంత మూడు కాళ్ల పిన్నులున్నా, రెండు సన్నకాళ్లది అక్కడ కూడా దూరుతుంది. మన మూడు కాళ్ల లాప్‌టాప్ పిన్ను మాత్రం ఎక్కడా పట్టదు.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్: 230 వోల్టులు, కళ్లు ఏటవాలుగా పెట్టి దిగులుగా చూసే ముఖంలాంటి సాకెట్, టైప్ ఐ. మనలాగే సాకెట్ పక్కన స్విచ్చుంటుంది, కిందికి నొక్కితే ఆన్. అది కూడా చూసుకోకుండా కరెంటు లేదనుకునేవాళ్లుంటారు.

నేపాల్‌లో మన పిన్నులే. దక్షిణాఫ్రికాలో మన ఏసీ ప్లగ్గు లాంటి లావుకాళ్ల టైప్ ఎం సాకెట్లు ఇప్పటికీ చాలాచోట్ల ఉన్నాయి, మన చిన్న పిన్ను వాటిలో దూరదు. చైనాలో 220 వోల్టులు, అమెరికా లాంటి రెండు రేకుల పిన్నూ ఆస్ట్రేలియా లాంటి మూడు కాళ్ల పిన్నూ రెండూ నడుస్తాయి.

ఇక మోసపుచ్చే దేశాలు. ఫిలిప్పీన్స్‌లో సాకెట్లు అచ్చం అమెరికావి, కరెంటు మాత్రం 220 వోల్టులు. అమెరికాలో కొన్న 120 వోల్టుల వస్తువు అక్కడ చక్కగా దూరి, చక్కగా కాలిపోతుంది. థాయ్‌లాండ్, వియత్నాంలలో కూడా రెండు రేకుల సాకెట్లో 220 పైనే ఉంటుంది. బ్రెజిల్‌లో అయితే ఊరిని బట్టి 127 ఒకచోట, 220 ఇంకోచోట, పిన్ను మాత్రం ఒకటే. పిన్నును చూసి వోల్టేజీ ఊహించకూడదని చెప్పేది ఇందుకే.

జపాన్ కథ కాస్త విడిగా

వోల్టేజీ విషయంలో నాకు ఇష్టమైన దేశం ఇదే. 100 వోల్టులు, మిగతా దేశాలకన్నా తక్కువ. పైగా దేశం రెండు ముక్కలు: టోక్యో ఉన్న తూర్పున 50 హెర్ట్జ్, ఒసాకా ఉన్న పడమట 60 హెర్ట్జ్. 1895లో టోక్యో వాళ్లు జర్మనీ కంపెనీ ఏఈజీ జనరేటర్లు తెచ్చుకున్నారు, మరుసటి ఏడు ఒసాకా వాళ్లు అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ యంత్రాలు తెచ్చుకున్నారు. ఆ రెండు కొనుగోళ్ల తేడా ఇవాళ్టికీ అలాగే ఉంది. 2011 భూకంపం, సునామీ తరువాత టోక్యో వైపు కరెంటు కొరత వచ్చినప్పుడు, పడమట కరెంటున్నా దాన్ని ఇటు మళ్లించడానికి మధ్యలోని మార్పిడి కేంద్రాల సామర్థ్యం చాలలేదు.

మీ చార్జరుకి ఇవేవీ పట్టవు. పిన్ను దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడి సాకెట్లు ఎక్కువగా రెండు రేకులవే, ఎర్త్ కన్నం ఉండదు. "అమెరికా పిన్నే కదా" అని మూడు కాళ్ల అమెరికన్ అడాప్టర్ పట్టుకెళ్తే దూరదు. అమెరికన్ పిన్నుల్లో ఒక రేకు కాస్త వెడల్పుగా ఉండే రకం కూడా పాత జపాన్ సాకెట్లలోకి వెళ్లదు. రెండు రేకులూ సమానంగా ఉన్నదే కొనండి.

మూడో పని: పిన్ను సమస్య తీర్చుకోవడం

ముందు మాటల్లో చిక్కు విప్పుదాం. మనవాళ్లు చార్జరునీ అడాప్టర్ అంటారు, పిన్ను మార్చే ముక్కనీ అడాప్టర్ అంటారు. ఈ వ్యాసంలో అడాప్టర్ అంటే పిన్ను మార్చే ముక్కే. అది కరెంటును ముట్టుకోదు, కాళ్ల ఆకారం మాత్రమే మారుస్తుంది. వోల్టేజీ మార్చేది ట్రాన్స్‌ఫార్మర్. 'కన్వర్టర్' అనే మాటను షాపుల్లో రెంటికీ వాడేస్తారు కాబట్టి, ఆ మాట వినగానే "వోల్టేజీ మారుస్తుందా, పిన్ను మారుస్తుందా" అని ఎదురడగండి.

లాప్‌టాప్‌కి అసలు అడాప్టరే అక్కర్లేని దారి ఒకటుంది, చాలామందికి తోచదు. చార్జరు ఇటుకకీ గోడకీ మధ్య ఉన్న వైరు ఊడొస్తుంది కదా. ఇటుక వైపు కన్నం మూడు ఆకుల ఆకారంలోనో (మిక్కీ మౌస్ ముఖంలా ఉంటుంది), ఇంగ్లీషు ఎనిమిది అంకెలానో ఉంటుంది. ఆ ఆకారాలు ప్రపంచమంతా ఒకటే. వెళ్లిన దేశంలో అదే ఆకారం వైరు ఒకటి కొనుక్కుంటే చాలు, ఇటుక మనదే, పిన్ను వాళ్లది. పైగా మూడు ఆకుల రకంలో ఎర్త్ కూడా సరిగ్గా అందుతుంది. రెండు మూడేళ్లు ఉండబోయే విద్యార్థికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. నెల రోజులకి వెళ్లేవాళ్లు మాత్రం ఇక్కడే ఒక అడాప్టర్ కొనుక్కోవచ్చు.

అడాప్టర్ కొనేటప్పుడు ఒకే దేశానికి వెళ్తుంటే ఆ దేశానికి మాత్రమే పనికొచ్చే ఘన ముక్క తీసుకోండి. నాలుగైదు దేశాల కాళ్లు లోపలికి బయటికి జరిగే 'యూనివర్సల్' పెట్టెలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. బరువుకి గోడలోంచి జారిపోతాయి, చాలావాటిలో ఎర్త్ కలవదు. రోజుకో దేశం తిరిగేవాళ్లకే అవి. కొనే ముందు మీ చార్జరే దానిలో పెట్టి ఊపి చూడండి. వదులుగా ఉంటే వేడెక్కుతుంది, వేడెక్కితే ప్లాస్టిక్కు కరుగుతుంది.

ఎర్త్ లేకపోతే ఏమవుతుంది? చార్జరు మీద చదరంలో చదరం గుర్తుంటే అది రెండు పొరల రక్షణతో చేసినది, ఎర్త్ అడగదు. ఫోను చార్జర్లన్నీ దాదాపు ఇవే. లోహపు ఒళ్లున్న లాప్‌టాప్‌ని ఎర్త్ లేకుండా చార్జింగ్‌లో పెట్టి, పైన చెయ్యి రాస్తే సన్నగా జిల్లుమంటుంది. చార్జరులో ఉండే చిన్న కెపాసిటర్ గుండా కారే అతి తక్కువ కరెంటది. సాధారణంగా ప్రమాదం కాదు, చిరాకు మాత్రం చిరాకే. ఎర్త్ ఉన్న వైరు వాడితే పోతుంది. వంటింటి లోహపు వస్తువుల దగ్గర మాత్రం ఎర్త్ లేకుండా ఎప్పుడూ వాడకండి.

ఒకే అడాప్టర్, నాలుగు చార్జర్లు ఉంటే? ఇక్కడి మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి పెట్టుకుని దాన్ని ఆ అడాప్టర్‌కి పెట్టొచ్చు. లాప్‌టాప్ 65 వాట్లు, రెండు ఫోన్లు, వాచీ అన్నీ కలిపినా 150 వాట్లు దాటవు. అమెరికాలో ఒక మామూలు లైను 15 ఆంపియర్లు, అంటే 1,800 వాట్లు కాబట్టి గోడకి ఇబ్బంది లేదు. ఆ బోర్డుకి కెటిల్ మాత్రం తగిలించొద్దు. 65 వాట్లో 100 వాట్లో ఇచ్చే బహుళ యూఎస్‌బీ చార్జరు ఒకటి కొంటే ఈ బోర్డు కూడా అక్కర్లేదు, లాప్‌టాప్ ఫోను రెండూ దాని మీదే నడుస్తాయి. యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లకి యూఎస్‌బీ టైప్-సి తప్పనిసరి అయింది కాబట్టి కేబుల్ మర్చిపోయినా అరువు దొరుకుతుంది. లాప్‌టాప్‌కి 60 వాట్లు దాటితే మాత్రం 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. ఫోను కేబుల్‌తో పెడితే నెమ్మదిగా ఎక్కుతుంది.

గల్ఫ్ గదుల్లో కలం పుల్ల వద్దు

ఇది విడిగా చెప్పాల్సిందే. టైప్ జి సాకెట్లో పై ఎర్త్ కన్నంలోకి కాలు వెళ్తేనే కింది రెండు కన్నాల మూతలు తెరుచుకుంటాయి. పిల్లలు వేళ్లు పెట్టకుండా అలా చేశారు. నిజామాబాద్ నుంచో, కడప నుంచో, కోనసీమ నుంచో వెళ్లిన మనవాళ్ల గదుల్లో ఒక అలవాటు ఉంది: పై కన్నంలో పెన్ను మూతో, పుల్లో గుచ్చి, మూతలు తెరుచుకోగానే రెండు కాళ్ల చార్జరు తోసేయడం. చార్జింగ్ ఎక్కుతుంది, నిజమే. కానీ ఆ సాకెట్ రేకులు చదరపు కాళ్ల కోసం చేసినవి. గుండ్రటి సన్నకాళ్లని గట్టిగా పట్టవు. లోపల నిప్పురవ్వలు లేస్తాయి, కొన్నాళ్లకి సాకెట్ నల్లబడుతుంది. పైగా ఆ పిన్నులో ఉండాల్సిన ఫ్యూజు మీకు లేనట్టే. ఒక గదిలో ఎనిమిది మంది పడుకునే చోట ఈ సాహసం చేయకండి. సరైన ముక్క కొద్ది దిర్హమ్‌లకే ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతుంది.

గల్ఫ్‌కి మిక్సీ తీసుకెళ్లేవాళ్లకి మాత్రం తీపి కబురు. వోల్టేజీ మనదే కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ప్లగ్ టాప్ మార్పిస్తే చాలు. లోపల 13 ఆంపియర్ల ఫ్యూజున్న టైప్ జి ప్లగ్ టాప్ కొని, పని తెలిసినవాళ్లతో బిగించుకోండి. ఎరుపు లేదా గోధుమరంగు ఫేజు, నలుపు లేదా నీలం న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. చిన్న వస్తువులకి, దాదాపు 700 వాట్ల లోపువాటికి, 3 ఆంపియర్ల ఫ్యూజు వేస్తారు.

నాలుగో పని: వేడెక్కేవీ తిరిగేవీ పక్కన పెట్టండి

చార్జరుకి ఉన్న తెలివి ఇస్త్రీ పెట్టెకి లేదు. వేడి వస్తువు శక్తి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే అంకెని) బట్టి మారుతుంది, అంటే వోల్టేజీ సగమైతే శక్తి నాలుగో వంతే. మన 1,500 వాట్ల కెటిల్‌ని అమెరికా 120 వోల్టులకి పెడితే 400 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ మూడున్నర నిమిషాల్లో మరిగే లీటరు నీళ్లకి అక్కడ పదమూడు నిమిషాలు పడుతుంది. టీ దొరుకుతుంది గానీ ఓపిక కావాలి. రైస్ కుక్కరైతే అన్నం ఉడకదు, నాని ముద్దవుతుంది.

దీనికి తలకిందులుగా అయితే నవ్వులాట కాదు. అమెరికాలో కొన్న 1,000 వాట్ల డ్రయరుని మన 230కి పెడితే 3,600 వాట్ల పైన లాగబోతుంది. కొన్ని క్షణాల్లో తీగ తెగుతుంది, లేదా పొగ.

మిక్సీ సంగతి అమ్మలు వదలరు. మన 750 వాట్ల మిక్సీ 120 వోల్టుల మీద నీరసంగా తిరుగుతుందే తప్ప పప్పు రుబ్బదు. దానికి వోల్టేజీ పెంచే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది కాబట్టి మిక్సీ వాట్లకి రెట్టింపు సామర్థ్యముండాలి. అంత ట్రాన్స్‌ఫార్మర్ మిక్సీ కన్నా బరువు. విమానంలో 23 కిలోల పెట్టెలో దానికి చోటివ్వడం నా దృష్టిలో దండగ. ప్రీతి లాంటి కంపెనీలు 110 వోల్టుల మిక్సీలు చేస్తున్నాయి, అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. జార్లు మాత్రం ఇక్కడివి పట్టుకెళ్తే సరిపోతుందనుకునే ముందు మోడల్ సరిచూసుకోండి. వెట్ గ్రైండర్‌కి ఇంకో తిరకాసుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ మారుస్తుంది గానీ హెర్ట్జ్ మార్చదు. 50 హెర్ట్జ్ ఇండక్షన్ మోటారు 60 మీద దాదాపు ఐదో వంతు వేగంగా తిరుగుతుంది.

తేలిగ్గా, చేతిలో ఇమిడిపోతూ "2,000 వాట్ల కన్వర్టర్" అని రాసి ఉండేవి కనిపిస్తే ఒక మాట. అవి కరెంటు అలని కోసి పంపుతాయి. అమెరికాలో కొన్న ఇస్త్రీ పెట్టెని మన 230కి వాడడానికైతే పర్వాలేదు. చార్జర్లకీ ఎలక్ట్రానిక్ వస్తువులకీ అస్సలు పెట్టకండి. నేరుగా గోడకి పెడితే హాయిగా పనిచేసే చార్జరుని దీనికి పెట్టి చెడగొట్టుకున్నట్టవుతుంది.

నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియాకి వాడే సీపాప్, మందుని ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ వంటివుంటే వాటి లేబుల్ రెండుసార్లు చదవండి. సీపాప్‌లు ఎక్కువగా 100–240వే, నెబ్యులైజర్లలో 230 మాత్రమే ఉన్నవి చాలా ఉన్నాయి. బీపీ మిషనుకి సెల్సు వేస్తే చాలు.

విమానంలో

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదు. పరిమితి 100 వాట్-అవర్లు (లోపల నిల్వ ఉండే శక్తి లెక్క). మీ పవర్ బ్యాంకు మీద ఎంఏహెచ్ మాత్రమే ఉంటే దాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 అయితే 74, ఇబ్బంది లేదు. 30,000 అయితే 111, దానికి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లకి: ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికి ఒక్క పవర్ బ్యాంకే ఒప్పుకుంటోంది, అది కూడా విమానంలో వాడకూడదు, చార్జింగ్ పెట్టకూడదు. సీటు దగ్గర సాకెట్ చాలా విమానాల్లో 110 వోల్టుల చుట్టూ ఉంటుంది, మన పిన్ను కూడా పట్టే రకం తరచుగా కనిపిస్తుంది. గేమింగ్ లాప్‌టాప్ భారీ చార్జరు పెడితే ఆ సాకెట్ దానంతటదే ఆగిపోతుంది. ఫోను పెట్టుకోండి.

చేరాక, మొదటిసారి పెట్టేటప్పుడు

ముందు అడాప్టర్‌లో చార్జరు బిగించి, తరువాత రెంటినీ కలిపి గోడకి పెట్టండి. గోడకి వేలాడుతున్న అడాప్టర్‌లోకి చార్జరు తోస్తుంటే వేళ్లు రేకులకి దగ్గరగా వెళ్తాయి. పది నిమిషాలాగి చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉండడం మామూలే. ముట్టుకోలేనంత వేడో, కాలిన ప్లాస్టిక్కు వాసనో వస్తే తీసేసి ఇంకో సాకెట్ చూడండి. హోటల్లో తలుపు కార్డు గోడ గూట్లోంచి తీస్తే సాకెట్లు కూడా ఆగిపోయే చోట్లుంటాయి. బయటికెళ్తూ ఫోను చార్జింగ్ పెడితే వచ్చేసరికి ఎక్కి ఉండదు. బ్రిటన్ బాత్రూమ్‌లో "షేవర్లకి మాత్రమే" అని రాసిన రెండు కన్నాల పాయింటు ఉంటుంది. అది ట్రిమ్మరుకీ బ్రష్షుకీ మాత్రమే, ఫోను అందులో పెట్టకండి.

తిరిగొచ్చేటప్పుడు

అమెరికా నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా కాల్చుకునేవి మూడు: ఇన్‌స్టంట్ పాట్ లాంటి కుక్కర్లు, హెయిర్ డ్రయర్లు, అక్కడి సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే) బోర్డులు. మూడోదాని గురించి ఎవరికీ అనుమానం రాదు, అది ఉత్తి ఎక్స్‌టెన్షన్ బోర్డే కదా అనుకుంటారు. లోపల 120 వోల్టుల లైనుకి లెక్కేసిన రక్షణ ముక్క ఉంటుంది. మన 230 తగలగానే అది దాన్ని ప్రమాదంగా తీసుకుని, అడ్డుపడబోయి తనే పేలిపోతుంది. మా ఇంట్లో ఒకదాన్నిలాగే హాల్లో పెట్టాం, టీవీ బతికింది గానీ బోర్డు నల్లటి మచ్చ వదిలింది. అక్కడి బోర్డు అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రండి. అక్కడ కొన్న ఫోను, లాప్‌టాప్ చార్జర్లు మాత్రం లేబుల్ చూసుకుని నిశ్చింతగా తెచ్చుకోండి. రెండు రేకుల పిన్నుని మన సాకెట్‌కి మార్చే ముక్క ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇస్తారు.